లిలీ పార్

ఇంగ్లండు దేశమున వాయవ్యభాగమునందు లాంకషైర్ అను మండలము కలదు. 1974 వఱకు ఆ మండలమున చేరియుండిన, లివర్‌పూల్ రేవునకు అనతిదూరమున నున్న సెయింట్ హెలెన్స్ పట్టణము గాజు పరిశ్రమకును, బొగ్గుగనులకును ప్రసిద్ధి కెక్కినది. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఆ పట్టణమున జార్జి పార్ అను కూలివాడు గాజు కర్మాగారమున పనిచేయుచు కుటుంబమును పోషించుచుండెను. అతనికిని, అతని భార్య సారాకును ఏడుగురు సంతానము. వారిలో నాల్గవ బిడ్డ లిలీ. ఆమె 1905వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన జన్మించెను.

ఏడుగురు బిడ్డలున్న కూలివాని యింట ఆటవస్తువు లెక్కడివి? ఒక బంతి దొరకిన అదియే పిల్లలందఱకును మహాభాగ్యము. సోదరులు బయలునందు బంతి తన్నుచుండగా లిలీయు వారితో కలిసి తన్నెడిది. ఆడపిల్లలకు కుట్టుపనియు, వంటపనియు నేర్పుట ఆ దేశమునందును ఆచారమే. లిలీకి వానియందు మనసు నిలువలేదట. ఫుట్‌బాలే కాక, చేతులతో బంతిని పట్టుకొని పరుగెత్తు రగ్బీ ఆటయు ఆమె మగపిల్లలతో సమానముగా నాడెను. దెబ్బ తగిలినచో ఏడ్చుచు ఇంటికి పోవు స్వభావము ఆమెది కాదు. గంటలకొలది ఒంటరిగా బంతిని గురిచూచి తన్నుట ఆమెకు అలవాటయ్యెను. చూచువారికి అది వట్టి ఆకతాయితనముగా తోచియుండును.

ఆమె బాల్యమందే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధము మొదలయ్యెను. పురుషులు లక్షలకొలది రణరంగమునకు పోగా కర్మాగారములలో వారి స్థానములందు స్త్రీలు ప్రవేశించిరి. ఫిరంగిగుండ్లలో ప్రేలుడుమందు కూరు స్త్రీలకు ఆ మందు సోకి చేతులును, ముఖములును పసుపు పూసినట్లు పచ్చబడెడివి. సెయింట్ హెలెన్స్‌నకు ఉత్తరమున ప్రెస్టన్ అను పట్టణము కలదు. అచ్చట ట్రాముబండ్లను, రైలు సామగ్రిని తయారుచేయు డిక్, కెర్ అను కంపెనీ యుద్ధకాలమున ఆయుధసామగ్రిని చేయుటకు పూనుకొనెను. ఆ కంపెనీలోని స్త్రీలు విశ్రాంతివేళలందు కర్మాగారపు ఆవరణములో బంతి ఆడుచుండిరి. కార్యాలయోద్యోగియైన ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్లండ్ అను నాతడు తన గది కిటికీనుండి వారిని చూచి, వీరిని ఒక జట్టుగా కూర్చిన బాగుండునని తలచెను. 1917వ సంవత్సరము క్రిస్మసు పండుగనాడు ప్రెస్టన్‌లోని డీప్‌డేల్ క్రీడారంగమున ఆ జట్టు తొలి గొప్ప పందెమును ఆడెను. పదివేలమంది చూడ వచ్చిరి. గాయపడిన సైనికుల చికిత్సకొఱకు సుమారు 200 పౌనులు పోగయ్యెను. డిక్, కెర్ స్త్రీలు నాలుగు గోలులతో గెలిచిరి.

యుద్ధము 1918లో ముగిసెను. పురుషులు తిరిగి రాగా అనేక కర్మాగారములనుండి స్త్రీలను పంపివేసిరి. కాని ఆట మాత్రము ఆగలేదు. మొదట నవ్వుటకై వచ్చినవారు పిదప ఆట చూచుటకై రాసాగిరి. వచ్చిన సొమ్ము ఆసుపత్రులకును, పని దొరకని మాజీ సైనికులకును పోవుచుండుటచే ప్రజలును సంతోషముతో టికెట్లు కొనుచుండిరి.

1919లో సెయింట్ హెలెన్స్‌లోను స్త్రీల జట్టొకటి యుండెను. పదునాలుగేండ్ల లిలీ అందు చేరెను. డిక్, కెర్ జట్టుతో వారు ఆడినప్పుడు ఫ్రాంక్లండ్ ఈ బాలికను గమనించెను. తన జట్టు గెలుచుట కంటె ఎదుటి జట్టులోని ఈ పొడవాటి పిల్ల ఆతని మనసును ఎక్కువగా ఆకర్షించియుండును. 1920లో ఆతడు లిలీని, ఆమె తోడి క్రీడాకారిణి ఆలిస్ వుడ్స్‌ను ప్రెస్టన్‌నకు రప్పించెను. లిలీకి కంపెనీలో పని యిచ్చిరి. జట్టులోని ఆలిస్ నారిస్ అను పిల్ల యింట బస ఏర్పడెను. ఆడిన ప్రతి పందెమునకు పది షిల్లింగులు ముట్టుచుండెను. పనికి పోలేని దినపు కూలికి బదులుగా నిచ్చు సొమ్మది. చట్టప్రకారము దానిని వృత్తి యనరాదు. కాని తన కాలిసత్తువచేత డబ్బు సంపాదించుకొని, పుట్టినయింటిని విడిచి, పరాయి ఊరిలో నిలిచిన పదునైదేండ్ల కూలివాని కూతురునకు అది వృత్తి కాక మఱేమి? ఆ సొమ్ముతోపాటు సిగరెట్టుపెట్టెలను కూడ అడిగి పుచ్చుకొనెడి దని చెప్పుదురు. ఈ అలవాటు మెచ్చదగినది కాదు. అయినను ఉన్నది ఉన్నట్లు చెప్పుట జీవితచరిత్ర వ్రాయువాని విధి.

ఇక ఆమె ఆటతీరు చెప్పవలెను. లిలీ ఇంచుమించు ఆఱడుగుల పొడవరి. నల్లని జుట్టు, దృఢమైన శరీరము. మైదానమున ఎడమవైపు అంచున ఆమె ఆడెడిది. ఆ స్థానమున ఆడువారు అంచుగీతవెంట బంతిని తీసికొనిపోయి, శత్రుపక్షపు రక్షకులను దాటి, గోలుముందు కాచుకొనియున్న తమవారికి దానిని అందింపవలెను. అవకాశము దొరకిన తామే గోలు కొట్టవలెను. నేటి బంతులవంటివి కావు ఆనాటి బంతులు. అవి మందమైన తోలుతో కుట్టి, పైన తోలుపట్టెతో బిగించినవి. వాన కురిసిన తోలు నీటిని పీల్చుకొని బంతి రాయివలె బరువెక్కును. లాంకషైర్‌లో వాన కురియని వారము అరుదు. అట్టి బంతిని మైదానపు ఒక అంచునుండి రెండవ అంచువఱకు ఒక్క తన్నుతో పంపగలవారు పురుషులలోనే అరుదుగా నుండిరి. లిలీ ఎడమకాలితో ఆ పనిని సునాయాసముగా చేయుచుండెను. ఆమెను గూర్చి ఒక కథ కలదు. ఒక పురుష గోలుకీపరు, ఆడుదాని తన్ను తన చేతిని దాటి పోలేదని పందెము వేసెనట. లిలీ బంతిని తన్నెను. ఆతడు చేయి అడ్డు పెట్టెను. బంతి ఆగినదో లేదో గాని ఆతని చేయి మాత్రము విఱిగెనని చెప్పుదురు. ఈ కథ యెంతవఱకు నిజమో గాని, అట్టి కథ పుట్టుటకు తగిన బలము ఆ కాలిలో నుండెననుటకు సందేహము లేదు. తొలి యేడాదియందే ఆమె 43 గోలులు చేసెను.

1920వ సంవత్సరము ఆ జట్టునకు మహోత్సవమువలె గడచెను. ఆ యేడు ఫ్రాన్సు దేశమునుండి స్త్రీల జట్టు వచ్చి ఇంగ్లండులో నాలుగు పందెములు ఆడెను. పిదప డిక్, కెర్ జట్టు ఫ్రాన్సునకు పోయి ఆడెను. పారిసు నగరమున ఇరువదివేలకు పైగా జనము కూడిరి. డిసెంబరు నెలలో ప్రెస్టన్‌లో రాత్రివేళ ఒక పందెము జరిగెను. ఆ దినములలో మైదానములకు విద్యుద్దీపములు లేవు. ఆకసమున శత్రువిమానములను వెదకుటకు సైన్యము వాడిన రెండు పెద్ద దీపములను, యుద్ధమంత్రిగా నుండిన విన్‌స్టన్ చర్చిల్ అనుమతితో, తెచ్చి నిలిపిరి. చీకటిలో కనబడుటకై బంతికి సున్నము పూసిరి. పండ్రెండువేలమంది ఆ వింతను చూచిరి.

ఆ నెల 26వ తేదీన లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కు క్రీడారంగమున జరిగిన పందెము వీని నన్నిటిని మించినది. ఎదుటి జట్టు ఎవరిదో కాదు, లిలీ పుట్టిన సెయింట్ హెలెన్స్ స్త్రీలదే. నిన్నటివఱకు తనతో కలిసి ఆడినవారికి ఎదురుగా ఆమె నిలువవలసి వచ్చెను. లోపల 53,000 మంది ప్రేక్షకులు క్రిక్కిఱిసిరి. చోటు దొరకక వేలకొలది జనము ద్వారములవద్దనే నిలిచిపోయిరి. డిక్, కెర్ జట్టులో గోలులు కొట్టుటయందు పేరెన్నిక గన్న ఫ్లారీ రెడ్‌ఫర్డ్ ఆనాడు రైలు తప్పిపోయి రాలేకపోయెను. నాయిక ఆలిస్ కెల్ తన రక్షణస్థానమును విడిచి ముందునకు వచ్చి ఆడి, తానే మూడు గోలులు చేసెను. నాలుగు గోలులతో వారు గెలిచిరి. ధర్మకార్యములకై మూడువేల పౌనులకు పైగా వచ్చెను. ఇంగ్లండులో స్త్రీల ఫుట్‌బాలునకు అంతటి జనము మఱల కూడుటకు తొంబది యేండ్లకు పైగా పట్టెను.

1921లో ఆ జట్టు 67 పందెములు ఆడెను. మొత్తముమీద తొమ్మిది లక్షలమంది వారిని చూచిరని లెక్క. ఫిబ్రవరి నెలలో లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్ క్రీడారంగమున, దేశములోని ఇతర జట్లనుండి ఏర్చి కూర్చిన జట్టును తొమ్మిదింటి కొకటిగా ఓడించిరి. ఆ తొమ్మిదింటిలో అయిదు లిలీవి. అప్పటికి ఆమెకు పదునాఱేండ్లు నిండలేదు. ఆ వేసవిలో లాంకషైర్ బొగ్గుగనులు మూతపడి కార్మికుల కుటుంబములు పస్తులుండగా, వారి సహాయార్థమును ఆ స్త్రీలు ఆడిరి.

ఇట్లుండగా 1921వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘమువారు లండనులో సమావేశమై ఒక తీర్మానము చేసిరి. ఫుట్‌బాలు స్త్రీలకు తగిన ఆట కాదనియు, దానిని ప్రోత్సహింపరాదనియు వారి అభిప్రాయము. ధర్మకార్యములకై వసూలైన సొమ్ములో మితిమీరిన భాగము ఖర్చుల క్రింద పోవుచున్నదని కూడ వారు నిందించిరి. కనుక తమ సంఘమున చేరిన క్లబ్బు లేవియు స్త్రీల పందెములకు మైదానము ఇయ్యరాదని కోరిరి. ఆ ఆట శరీరమునకు హాని చేయునని కొందఱు వైద్యులును వంత పాడిరి. ఆ స్త్రీలే మూడేండ్ల క్రిందట ప్రేలుడుమందుల నడుమ పదేసి గంటలు పనిచేసినప్పుడు వారి శరీరములను గూర్చి ఇంతటి చింత కనబడలేదు. పురుషుల పందెములకు రావలసిన జనమును వీరు లాగికొనుచున్నారను అసూయయు, గనికార్మికుల పక్షమున ఆడిరను కోపమును ఈ తీర్మానమునకు వెనుక నుండెనని కొందఱు చరిత్రకారులు తలచుచున్నారు.

ఈ తీర్మానము ఎంత తెలివిగా చేయబడినదో గమనింపుడు. స్త్రీలు ఆడరాదని అందు లేదు. ఎక్కడైనను ఆడుకొనవచ్చును. కాని చుట్టు గోడయు, ద్వారములును, మెట్లవరుసలును గల మైదానములన్నియు ఆ సంఘమున చేరిన క్లబ్బులవే. గోడ లేనిచోట టికెట్టు అమ్ముట యెట్లు? టికెట్టు లేనిచోట ఆసుపత్రికి సొమ్మెక్కడిది, ఆటకత్తెల దారిఖర్చుల కెక్కడిది? సంఘమునకు లోబడిన తీర్పరులు వారి పందెములకు పోరాదను కట్టుబాటు కూడ ఏర్పడెను. అప్పటికి దేశమున సుమారు నూటయేబది స్త్రీల జట్లుండెను. వానిలో అనేకము కొలదికాలముననే చెదరిపోయెను.

ఇచ్చట నా మాట యొకటి చెప్పుదును. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో ఆటలగంట మ్రోగగానే పెద్దబంతి బాలురకును, రబ్బరు రింగు బాలికలకును పోవుట చాలకాలము చూచితిని. అట్లు చేయుమని యే తీర్మానమును లేదు. నేనును ప్రధానోపాధ్యాయుడనైన పిమ్మట కూడ దానిని మార్పవలెనని తలపలేదు. ఒక యేడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె వచ్చి బంతి యడిగినప్పుడే నాకు ఆ సంగతి తోచెను.

లిలీ యేమి చేసెను? ఆమె ఉపన్యాసము లీయలేదు, అర్జీలు వ్రాయలేదు. తర్వాతి శనివారము మైదాన మెక్కడ దొరకునో చూచుకొని ఆడెను. రగ్బీ మైదానములందు, కర్మాగారముల ఖాళీస్థలములందు, ఊరబయళ్లలో ఆ జట్టు ఆటలు సాగెను. 1922లో వారు ఓడ యెక్కి కెనడాకు బయలుదేరిరి. అక్కడి ఫుట్‌బాలు పెద్దలును వీరిని ఆడనీయరైరి. అంతట వారు అమెరికా సంయుక్తరాష్ట్రములకు పోయిరి. అక్కడ వారికి ఎదురైనవి స్త్రీల జట్లు కావు, పురుషుల జట్లు. వెనుదిరుగక తొమ్మిది పందెములు ఆడిరి. మొదటి పందెమున ఓడిరి, తరువాత కొన్ని గెలిచిరి, కొన్ని సమముగా ముగించిరి. పదునేడేండ్ల లిలీని చూచి అక్కడివారు ఆశ్చర్యపడిరి.

ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట పరిస్థితులు నానాటికి సన్నగిల్లెను. కంపెనీ యాజమాన్యము మాఱెను. దానికిని ఫ్రాంక్లండ్‌నకును పొసగలేదు. 1926లో కంపెనీకిని జట్టునకును సంబంధము తెగిపోయెను. ఆతడు అంగడి పెట్టుకొని బ్రతుకుచు జట్టును విడువక నడపెను. జట్టుపేరు ప్రెస్టన్ లేడీస్ అని మాఱినను పాతపేరుతోనే చాలమంది పిలుచుచుండిరి. లిలీకి జీవనోపాధి వెదకుకొనవలసి వచ్చెను. ప్రెస్టన్ సమీపమున విటింగ్‌హామ్ అనుచోట మానసిక వ్యాధిగ్రస్తుల ఆసుపత్రి యుండెను. అది ఆ దేశపు పెద్ద ఆసుపత్రులలో నొకటి. ఆమె అందు నర్సుగా శిక్షణ పొంది, ఉద్యోగవిరమణ చేయువఱకు అచ్చటనే పనిచేసెను. రాత్రి రోగులను కనిపెట్టుకొనియుండి, పగలు పందెమునకు పోయిన దినములు ఎన్నో గడచెను. ఏబదివేల గొంతుల కేకలు విన్న యామె ఇప్పుడు త్రాడు కట్టిన బయలున, వందలమంది యెదుట, అదే ఎడమ అంచున పరుగెత్తుచుండెను. ఆమె చేసిన గోలులలో ఎక్కువ భాగము ఈ చిన్న మైదానములలో చేసినవే యని మఱువరాదు. పెద్ద పత్రికలు వానిని లెక్కింపలేదు. జట్టువారు లెక్కించుకొనిరి.

1937లో స్కాట్లండునుండి వచ్చిన ఎడింబరో స్త్రీల జట్టును అయిదింటి కొకటిగా ఓడించి, తామే ప్రపంచ విజేతలమని వారు చాటుకొనిరి. కాదనుటకు మఱియొక జట్టు రాలేదు. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ఆట కొన్నియేండ్లు ఆగెను. యుద్ధానంతరము 1946లో లిలీ జట్టునకు నాయికయయ్యెను. అప్పటికామె వయస్సు నలుబది దాటెను. ప్రక్క నాడువారిలో కొందఱు ఆమె తొలి గోలులనాటికి పుట్టనైనను లేరు. వయస్సుతో పరుగు తగ్గినను కాలిబలము తగ్గలేదు. 1951లో ఆమె ఆటనుండి విరమించెను. ముప్పదియొక్క యేండ్లు ఒకే జట్టునకు ఆడి, తొమ్మిదివందలకు పైగా గోలులు చేసెను.

ఆమె ప్రెస్టన్ సమీపముననున్న గూస్నార్ గ్రామమున ఇల్లు కొనుక్కొని నిశ్శబ్దముగా జీవించెను. 1957లో ఫ్రాంక్లండ్ మరణించెను. 1965లో, ఆడుటకు తగినంతమంది దొరకక, ఆ జట్టు మూతపడెను. అప్పటికది ఎనిమిదివందలకు పైగా పందెములు ఆడియుండెను. 1967లో లిలీకి రొమ్ము కాన్సరు సోకెను. శస్త్రచికిత్స జరిగిన పిదప ఆమె మఱి పదునొకండేండ్లు బ్రతికెను. ఫుట్‌బాల్ సంఘమువారు తమ పాత తీర్మానమును 1971లో రద్దుచేసిరి. పదునాఱేండ్ల పిల్లగా ఆ వార్త విన్న లిలీకి, అది రద్దయిన వార్త వినునాటికి అఱువదియాఱేండ్లు. 1978వ సంవత్సరము మే నెల 24వ తేదీన ఆమె మరణించెను. సెయింట్ హెలెన్స్‌లో, పుట్టినగడ్డమీదనే, ఆమెను ఖననము చేసిరి.

ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ ప్రదర్శనశాలవారు 2002లో ఆ ఆటయందు మహాప్రతిభ చూపినవారి పేర్లతో ఒక కీర్తిమందిరమును ఏర్పఱచిరి. అందు తొలి వరుసలో చేర్చిన పేర్లలో స్త్రీ పేరు లిలీ పార్ అను నొక్కటియే. 2019లో మాంచెస్టరు నగరమున, ఆ ప్రదర్శనశాలయందే, ఆమె కంచువిగ్రహమును నిలిపిరి. బ్రిటనులో ఫుట్‌బాలు ఆడిన ఒక స్త్రీకి విగ్రహము నెత్తుట అదియే మొదలు. కాని 2002 నాటికి ఆ ప్రదర్శనశాల మాంచెస్టరునకు తరలలేదు. అప్పుడది ప్రెస్టన్‌లో, 1917 క్రిస్మసునాడు ఆ జట్టు తొలిసారి ఆడిన డీప్‌డేల్ క్రీడారంగపు గోడలలోపలనే యుండెను.